కంపెనీ ఇంజనుకి వెర్న్ పెట్టిన టర్బో

భయం వల్లే నేను నా కారుకి టర్బో పెట్టించుకున్నాను, ఇంజనులోకి గాలిని ఎక్కువగా తోసి బలం పెంచే సామాను. మా ఊరి నుంచి పోర్ట్ అగస్టా పట్నం దాకా మూడు వందల కిలోమీటర్లు, దారంతా మూడేసి ట్రైలర్లు లాగే లారీలు. ఒకదాన్ని దాటేలోపే ఎదురుగా ఇంకోటి వచ్చేస్తుంది, నా కారుకి ఊపిరి చాలదు. రేపు పొద్దున్నే అక్కడ అమ్మని గుండె డాక్టరుకి చూపించాలి. అందుకని కారుని మెకానిక్ వెర్న్‌కి అప్పజెప్పాను. తాళాలు తీసుకుందామని మధ్యాహ్నం పెట్రోలు బంకు వరండాకి వెళ్తే, వాడు మాంసం కూరిన రొట్టె కొరుకుతూ కోతలు కోస్తున్నాడు. పక్కన గస్, నలభై ఏళ్ళు ఆ లారీలు తోలి మానేసిన మనిషి.

"కూర్చో డెల్," అంటూ వెర్న్ తాళాలు నా చేతిలో పెట్టాడు. "నా పాత బండికి మొట్టమొదట టర్బో బిగించినప్పుడు, కంపెనీ నుంచి వచ్చిన ఇంజను తట్టుకోదురా అని అందరూ అన్నారు. వింటానా? రెండ్రోజుల్లో పెట్టేశా. గుట్ట ఎక్కేటప్పుడు గేరు మార్చే పనే లేదు. అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు."

"మాకు తెలీదా," అన్నాడు గస్.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు లారీ, దాని ముందు ఇంకో లారీ. కాలు అలా ఆనించానో లేదో రెండూ వెనకపడ్డాయి. లారీ డ్రైవరుకి పలకరింపుగా స్టీరింగు మీంచి వేలు లేపితే, ఆ వేలు గాలికి వెనక్కి మడతపడి మోచేతికి తగిలింది! సరే, చాల్లే అని కాలు తీశాను. బండి తగ్గలేదు డెల్. ఇంకా పెరిగింది!"

నేనడిగాను, "కాలు తీసినా?"

"తీసినా! టర్బో ఆకలి మీదుంది మరి. ముందు ఈగల్ని పీల్చింది, తర్వాత ఒక గులాబీ రంగు చిలకల గుంపుని, ఆ తర్వాత రోడ్డు పక్క ముళ్ళకంచెని మైలు పొడుగున లాక్కుంది. బానెట్ ఎర్రగా కాలిపోతోంది. తాళం తీసి కిటికీలోంచి పారేశా. అయినా ఆగదే! బ్రేకు తొక్కితే బ్రేకే భయపడి లోపలికి పారిపోయింది. నేను ఏడ్చాననుకో, సిగ్గేముంది, కన్నీళ్ళు చెవుల్లోకి పోయాయి. అప్పుడు అద్దంలో చూశా. వెనకాల ఎవరున్నారో తెలుసా? నేనే! ఇదే బంకులో ఇంకా పెట్రోలు పోయించుకుంటున్నా! అంత వేగం మరి, బంకులోంచి నేను బయల్దేరడమే ఇంకా పూర్తవలేదు. ఆ వెనకున్న నేను చేతులూపుతూ, ఎక్కకురా, ఎక్కకురా అని అరుస్తున్నా..."

నవ్వాలని చూశాను, నవ్వు రాలేదు. అలాంటి టర్బో ఉన్న కారులోనే రేపు నా పక్కన అమ్మ కూర్చుంటుంది.

గస్ కూడా నవ్వలేదు. "ఒరే వెర్న్, అంత గాలి మింగిందన్నావు. దానికి సరిపడా పెట్రోలు ఎక్కణ్ణించి వచ్చింది? ఇంజనుకి పెట్రోలు అందించే పంపు ఏది వేశావు?"

"కంపెనీదే! అదేగా నా పనితనం, లోపల ఒక్క బోల్టు కూడా కదపలేదు."

"డెల్ కారుకి?"

"దానికీ అంతే..." అన్నాడు వెర్న్. కొరికిన ముక్క నోట్లోనే ఉండిపోయింది.

గస్ నా వైపు తిరిగాడు. "గాలి పెరిగి పెట్రోలు పెరక్కపోతే లోపల వేడి ఆగదమ్మా. పిస్టన్లు కరిగి ఇంజను ఆగిపోతుంది. అదీ ఎప్పుడు? కాలు గట్టిగా నొక్కినప్పుడు. అంటే, లారీని దాటేటప్పుడు."

అంటే సగం దాటాక, లారీ పక్కనుండగా, ఎదురుగా ఇంకోటి వస్తుండగా. తాళాలు వెర్న్ ముందు పెట్టాను.

"పద వెర్న్, నువ్వు నడుపు. ధాన్యం గోదాము దాకా వెళ్ళొద్దాం. నేను పక్కన కూర్చుంటా."

"ఇప్పుడా? నడుం పట్టేసింది డెల్..."

"ఐదు నిమిషాలు. అంత వేగంలో బతికొచ్చిన మనిషివి."

వాడు తాళాల వంక చూశాడు, ముట్టుకోలేదు. ఇంతసేపూ వరండా అదిరేలా అరిచిన గొంతు నాకొక్కదానికే వినబడేంత చిన్నదైపోయింది.

"టర్బో బిగించడం నాకిదే మొదటిసారి డెల్. అమ్మని అందులో ఎక్కించకు."