దీవికి పడవ తిరిగొచ్చిందా

బున్యోన్యి సరస్సు మీద మిట్టమధ్యాహ్నం. తెల్ల పర్యాటకులను విడిది దగ్గర దించేసి, పడవ నడిపే తిబెందెరానా ఒక్క ప్రయాణికురాలితో తన రేవుకు మళ్ళాడు. ఆమె పేరు కెబిరుంగి, డెబ్భై దాటిన మనిషి. పొద్దుటి నుంచి అతను చెప్పినవన్నీ నోరెత్తకుండా విని, ఇప్పుడే నోరు తెరిచింది.

"నువ్వు చెప్పింది అబద్ధం. ఒట్టి అబద్ధం."

"ఏది అబద్ధమమ్మా? సరస్సు అబద్ధమా? ఇరవై తొమ్మిది దీవులన్నాను, కావాలంటే లెక్కపెట్టుకోండి."

"దీవుల సంగతి కాదు. ఆ చిన్న దీవి దగ్గర ఇంజను ఆపి గొంతు తగ్గించి చెప్పావే, అది."

"శిక్ష దీవి కథా? అది నేనొక్కణ్ణే చెప్పను. ఈ నీళ్ళ మీద పడవ నడిపే ప్రతివాడూ చెబుతాడు. పెళ్ళి కాకుండా కడుపు తెచ్చుకున్న ఆడపిల్లల్ని అక్కడ వదిలేసేవాళ్ళు. ఆకలికి కొందరు, ఈదబోయి కొందరు పోయేవాళ్ళు. ఓలి కింద పిల్లవాళ్ళకి ఆవులిచ్చుకోలేని పేదవాడెవడైనా వచ్చి తీసుకుపోతే బతికేవాళ్ళు. ఇందులో అబద్ధమేముంది?"

"అంతవరకూ నిజమే. ఆ తర్వాత మీ తాతను పడవెక్కించావు."

"ఎక్కించకేం? మా తాత బితరబేహో కెన్యాంగి అనే పిల్లను ఆ దీవి మీంచి తెచ్చుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడే మా నాయనమ్మ. విని ఆ జర్మనీ ఆవిడ ఏడ్చింది, చూశారుగా."

"చూశాను. ఏడుస్తూనే ఫొటో తీసుకుంది. కొంగలు లేచేసరికి మళ్ళీ నవ్వింది."

"సెలవుకొచ్చినవాళ్ళు నవ్వరా? కొండలు, పిట్టలు, నీళ్ళు చూద్దామని ఇంత దూరం వస్తారు. వెళ్ళేటప్పుడు ఒక కథ పట్టుకెళతారు. మీకేం నష్టం?"

"మీ నాయనమ్మ పేరు కెన్యాంగి కాదు."

"నా నాయనమ్మ పేరు మీరు చెబుతారా నాకు?"

"నువ్వే చెప్పు. బాప్తిస్మం పేరు వద్దు, పుట్టినప్పుడు పెట్టిన పేరు చెప్పు."

"... అవతలి రేవు వాళ్ళు పంపారు కదూ మిమ్మల్ని? నా పడవకి జనం ఎక్కువొస్తున్నారని వాళ్ళకి కడుపుమంట. టికెట్టు కొని, తెల్లవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, నా పరువు తియ్యమన్నారు."

"నన్నెవరూ పంపలేదు. అబద్ధం చెప్పా. పంపారు. వాళ్ళు మాత్రం కాదు."

"మరెవరు?"

"ముందు ఆ ఇంజను ఆపు. అరవలేను."

"ఆపను."

"ఆపకపోతే అరుస్తాను. రేవులో అందరికీ వినిపించేలా అరుస్తాను."

"... సరే, ఆపాను. చెప్పండి, తొందరగా."

"ఆ కెన్యాంగిని దీవికి తీసుకెళ్ళింది వాళ్ళ అన్న. వాడికి తెడ్డు వెయ్యడం రాదు, కొండ మీద జొన్న చేలు చేసుకునేవాడు. అందుకని పడవ ఉన్న ఒకణ్ణి కూలికి పిలిచాడు. ఆ తెడ్డు వేసినవాడు మీ తాత."

"నోరు మూసుకో."

"ఇందాకటిదాకా మీరు అన్నావు."

"ఇందాకటిదాకా నువ్వు మా తాతనేమీ అనలేదు. తెడ్డు వేశాడే అనుకో. కూలి మనిషి, పిలిచారు, వెళ్ళాడు. మర్నాడు మనసొప్పక తిరిగెళ్ళి తెచ్చుకున్నాడు. ఇంకా మంచి కథే కదా ఇది?"

"కడుపులో బిడ్డ ఎవరిదని వాళ్ళ నాన్న అడిగాడు. అన్న కర్రతో అడిగాడు. పెదవి విప్పలేదు. పడవలో దారి పొడుగునా ఆ తెడ్డు వేసేవాడి మొహమే చూస్తూ కూర్చుంది. వాడు నీళ్ళకేసి చూశాడు."

"అయితే?"

"అయితే ఏమిటి? ఇంకా విడమరిచి చెప్పాలా?"

"... మా తాత చచ్చిపోయి పంతొమ్మిదేళ్ళు. సమాధిలో ఉన్నవాడి మీద ఏదైనా అనొచ్చు, లేచొచ్చి కాదనడు. ఎక్కడ విన్నావిదంతా?"

"ఆ బిడ్డను నేను. మీ నాన్నకు అక్కని."

"అదీ సంగతి. ఇప్పుడర్థమైంది. రేవు పక్క స్థలానికి రేటు పలుకుతోందని తెలిసింది. ఎక్కడెక్కడి చుట్టాలో పుట్టుకొస్తారు."

"మీ స్థలంలో నా చెప్పు కూడా విడవను."

"దిగు నా పడవ."

"నీళ్ళలోకా?"

"అదిగో దీవి. అక్కడ దించుతాను. ఇంకో పడవ వస్తే ఎక్కు, రాకపోతే నీ ఖర్మ."

"దించు. మీ ఇంటికి అలవాటేగా. ఏం, ఇంజను వెయ్యవే?"

"ఆ మాట అనకుండా ఉండాల్సింది నువ్వు."

"నువ్వూ అనకుండా ఉండాల్సింది."

"అసలేం కావాలి నీకు? కథ ఆపెయ్యమంటావా? రేపట్నుంచి మా తాత పేరెత్తను. చాలా?"

"అది నా కోపం. దానికోసం రాలేదు. మా అమ్మ పంపింది."

"మీ అమ్మ... కెన్యాంగి? బతికుందా?"

"తొంభై దాటింది. కళ్ళు పోయాయి. దీవి మీద వదిలేసిన నాలుగో రోజున కొండ అవతలివాడు ఒకడు వచ్చి ఆవిణ్ణి తీసుకుపోయాడు. ఆవులు లేనివాడు, ఒక కాలు కుంటి. నన్ను కన్నకూతురిలా పెంచాడు. నేను నాన్న అన్నది ఆయన్నే. ఆయన ఉన్నన్నాళ్ళూ అమ్మ మీ తాత పేరెత్తలేదు. పోయిన నెల ఆయన్ని పూడ్చొచ్చాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది."

"ఏం చెప్పింది?"

"మీ తాత పేరు బయటపెడితే చంపేస్తారని పెట్టలేదట. అన్న ఇంటికి పోయాక పడవేసుకుని తిరిగొస్తాడనుకుందట. మూడు రోజులు నీళ్ళకేసే చూసిందట. 'వెళ్ళి కనుక్కో, ఆ తర్వాతైనా వచ్చాడా, నేను ముందే వెళ్ళిపోయానా' అంది. అదొక్కటే అడిగి రమ్మంది. నీకు తెలియకపోతే తెలియదని చెప్పు. పోతాను."

"తెలుసు."

"తెలిస్తే చెప్పవేం?"

"మా నాయనమ్మ అసలు ఈ సరస్సు పిల్లే కాదు. ఆరు ఆవులిచ్చి చేసుకున్నాడు తాత. దీవి కథ తాతే మొదలుపెట్టాడు. మొదటిసారి ఎవరో తెల్లావిడ, అక్కడ వదిలేసినవాళ్ళు ఎవరైనా బతికారా అని అడిగింది. నేను తెచ్చుకున్నాను ఒకమ్మాయిని, అన్నాడు. పక్కన తెడ్డు పట్టుకుని నేనున్నాను. నాకేసి చూడలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా అదే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ రాత్రి జొన్న అంబలి కూడా ముట్టేవాడు కాదు."

"నేనడిగింది అది కాదు. తిరిగొచ్చాడా?"

"పోయే ముందు నాతో అన్నాడు. మూడు పొద్దులూ పడవ తాడు విప్పాడట. ఒడ్డున నిలబడితే దీవి మీద మనిషి కనిపించేదట. ఆ మనిషి చెయ్యి ఊపిందట కూడా."

"తిరిగొచ్చాడా?"

"రాలేదు."

"..."

"నాలుగో రోజు చూస్తే ఎవరూ లేరట. మునిగిపోయిందనుకున్నాడు. రాలేదత్తా. నేను వంద పడవల మందికి అబద్ధం చెప్పాను. నీకు చెప్పలేను."

"... ఇంజను వెయ్యి."

"ఆవిడకేం చెబుతావు?"

"వెయ్యమన్నానా?"

"వేస్తాను. ఏం చెబుతావు?"

"అమ్మను తీసుకుపోయింది నాలుగో రోజు. అయిదో రోజు పొద్దున్నే వచ్చాడని చెబుతాను. ఎటువైపు పడవ కట్టాడు, దిగి ఏమని పిలిచాడు, అంతా చెప్పు. నీకు చెప్పడం వచ్చుగా."