సారయ్య బిడ్డ ఎమ్మెస్సీ సీటు

నీల ఆస్పత్రిల డ్యూటీ దిగి సిరిసిల్ల టీకొట్టు కాడికి వచ్చేసరికి, ఆమె బాపు సారయ్య అప్పటికే మంచి జోరు మీదున్నడు. అతనితో పాటు మరమగ్గాల సాంచెలు నడిపేటోళ్లు నలుగురు గిలాసలు పట్టుకొని చుట్టూ కూసున్నరు. నీల వెనకనే నిలబడ్డది. వార్డుల ఆరుగురు నర్సులు ఎమ్మెస్సీ నర్సింగ్‌కు ఫారాలు నింపితే, చదువుకోను సెలవు దొరికింది ఈమెకొక్కదానికే. సీటు కూడ వచ్చింది. ఎల్లుండి లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీల చూపియ్యకుంటే అది పోతది. అవేమో కోరుట్లల గల్ఫ్ ఏజెంటు కాడున్నయి. దుబాయ్‌ల నర్సు కొలువుకని పోయినేడు సారయ్యే ఇచ్చిండు.

"పెద్ద ముచ్చటేం కాదు," అంటున్నడు సారయ్య. "ఎల్లంతకుంట ముసలవ్వకు ముగ్గురు డాక్టర్లు చెయ్యంత గుచ్చినా నరం దొరకలే. మా నీల కండ్లు మూసుకొని ఒక్కసారికే సూది పెట్టింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"అవ్వ లేచి కూసుందా?" అన్నడు టీ పోసే అంజయ్య.

"కూసునుడేందయ్యా, లేచి నాట్లకు వోయింది! గది చూసి పెద్ద డాక్టర్, ఇంక ఈడనే ఉంటవేంది బిడ్డా, పీజీ చదువుపో అన్నడు. పరీక్ష మూడు గంటలు. మా బిడ్డ అర్ధగంటల రాసి, మిగిలిన యాళ్లల్ల పక్కోళ్ల బీపీలు చూసుకుంట కూసుంది. ఇగ గా ర్యాంకు చూసి కాలేజీలోళ్లు ఆగుతరా? కార్లేసుకొని అచ్చిండ్రు. ముందటి కారు మా వాకిట్ల, ఆఖరు కారు ఊర్లు దాటి గంభీరావుపేటల! ఒక ప్రిన్సిపాల్ మేడమైతే మా ఆడామె చేతులు పట్టుకొని, అక్కా, మా కాలేజీకే పంపు, నా కుర్చీ ఇస్తనని ఒకటే ఏడుపు."

"మార్కుల మెమో అన్న చూపియ్యరాదే సారన్నా," అన్నడు సాంచెలోళ్లల్ల ఒకడు, సామేలు.

"ఏడికెల్లి చూపియ్యాలె? మార్కులు కాయిదం మీద పట్టుతలేవని సాంచె మీద నేపిచ్చిండ్రు. నూటిరవై మీటర్ల బట్ట తాను!"

"గా తాను ఏడున్నది బాపూ?" అన్నది నీల. "ఎల్లుండి నాకది కావాలె."

అందరు పక్కున నవ్విండ్రు. సారయ్య నవ్వలే. గిలాస కింద పెట్టిండు.

"ఏజెంటు ఫోన్ ఎత్తుతలేడు బిడ్డా. మూడు రోజులాయె. రెండుసార్లు పోయొచ్చిన, దుకాణానికి తాళమున్నది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"డ్యూటీలు చేసుకుంట మూడేండ్లు చదివితివి. ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె?"

మూడొద్దుల సంది కోతలు ఎందుకు పెరుగుతున్నయో నీలకు అప్పుడు సమజైంది. తిట్టుడు ఇడిచి, పని ముచ్చట అడిగింది.

"వాని ఇల్లేడనో ఎరుకేనా?"

"జగిత్యాల అవుతల సారంగాపూర్ అన్నరు."

"లే. పోదాం."

జగిత్యాల బస్సుల కండక్టర్ హన్మంతు, సారయ్యను ఎరిగినోడే, నవ్వుకుంట వచ్చిండు. "ఏంది సారన్నా, తండ్రిబిడ్డలు ఎటు బయలెల్లిండ్రు? ఏం ముచ్చట?"

సారయ్య నోరు తెరిచిండు. బిడ్డ దిక్కు చూసిండు.

"సర్టిఫికెట్లు అడుగవోతున్నం," అన్నడు. గంతే.