అమ్మ కుర్చీ

కాలనీ వాళ్లు వేస్తున్న నాటకం చివరి రంగానికి వచ్చింది. రెండో పెళ్లికి తంటాలు పడే ముసలాయన వేషంలో ఉన్నది వాళ్ల నాన్న. అక్కా తమ్ముడూ ముందు వరుసలో కూర్చున్నారు.

“అక్కా, అది అమ్మ కుర్చీ కదూ?”

“మెల్లిగా మాట్లాడు. స్టేజీ సామాను ఎవరింట్లోంచి వాళ్లే తెచ్చుకోవాలట.”

“మనింట్లో ఇంకో కుర్చీయే లేదా? అమ్మ పోయాక పిల్లిని కూడా దానిమీదికి ఎక్కనివ్వలేదు నాన్న.”

“కాళ్లు ఊపకురా. వెనకవాళ్లు గొణుగుతున్నారు.”

“నేను బయటికెళ్లి టీ తాగొస్తా.”

“కూర్చో. చివరి రంగం వదలొద్దని నాన్న మరీ మరీ చెప్పాడు.”

“ఎందుకట?”

“చూస్తే తెలుస్తుందిగా.”

“పక్కింటావిడ వేషం వేసినామె ఎవరు?”

“లైబ్రరీలో పనిచేస్తుంది. భర్త పోయాడు.”

“నేనడిగింది ఎవరని. భర్త సంగతి ఎందుకు?”

“ఊరికే చెప్పాను.”

“అదిగో, ఆవిణ్ణి అమ్మ కుర్చీలో కూర్చోమంటున్నాడు.”

“నాటకం కదరా.”

“నాటకంలో లేదక్కా. ఇంట్లో డైలాగులన్నీ నేనే అప్పజెప్పించుకున్నా. ఇక్కడ ఆవిడ వీడ్కోలు చెప్పి వెళ్లిపోవాలి, నాన్న ఒక్కడే మిగలాలి.”

“నలుగురూ నవ్వుతున్నారు. నువ్వూ నవ్వు.”

“నాకు నవ్వు రావట్లేదు. ఆవిడ కూర్చోవడం లేదు, చూశావా? కుర్చీ మీద చెయ్యి వేసి మనవైపే చూస్తోంది.”

“నాన్న కూడా.”

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? సరేనని తలూపమంటారా?”

“నేను ఎప్పుడో ఊపాను. వాళ్లు ఆగింది నీకోసం.”