చంద్రవ్వ ముచ్చట బయటికెట్ల పోయింది

తలుపు దీసిన పాపానికి గట్ల గోడదిక్కు తిరుగుతవేందన్నా? నేను పోలీసును గాదు. నీ చెల్లెను, ప్రవళికను. జర ఇటు తిరుగు.

తిరుగవా? సరే, గోడకే చెప్త. గోడ నయం. దుప్పటి మీదికి గుంజుకోదు.

నువ్వు కంబోడియా నుంచి వచ్చిన సంది చూస్తున్న నీ వేషం. వాకిట్ల ఎవరి చెప్పుల చప్పుడైనా సరే, ముసుగు. గంగయ్య తాత ఎంత ఆశగ వచ్చిండు! 'ఏం సన్నీ, అక్కడ పాములు తింటరట గద, నువ్వు తిన్నవా?' అనడిగిండు. నువ్వు తలూపినవ్. ఔననా, కాదనా? ఆయనైతే నువ్వు తిన్నవనే వాడకట్టంత చెప్పుకుంట తిరుగుతుండు. ఏం రుచి ఉంటదో గూడ చెప్తుండట.

అందరు ఏమంటుండ్రో ఎర్కేనా? 'పోరడు బెదిరిండు, అక్కడ కరెంటు షాకులిచ్చిండ్రట, నోరు వడిపోయింది.' అవ్వ దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది. బాపు ఎన్నడన్న సాంచెలు బంద్ వెట్టిండా? జ్వరమొచ్చినా పొద్దుమాపు సాంచెల మోతలనే ఉంటడు. గసొంటాయన ఇయ్యాల మగ్గాలు ఆపి, అవ్వను తీస్కొని కొండగట్టుకు పోయిండు. నువ్వు పానంతోని మర్లివస్తే దర్శనానికి వస్తనని మొక్కిండట. నిన్ను గూడ రమ్మన్నరు. నువ్వు పొట్ట మీద చెయ్యి వెట్టి చూపించినవ్. చెయ్యి! నోరు గాదు.

నేను గూడ నమ్మినన్నా. మొన్నటిదాంక నమ్మిన.

నేనంటే ఎవరు? బస్టాండు కాడ డబ్బా పెట్టుకొని ఫోన్లు బాగుజేసుకునే పొల్లను. ఎవడు నేర్పిండు నాకు? ఎవడు నేర్పలే. పగిలిన ఫోన్లు ఇప్పుకుంట, ఇంగ్లీషు వీడియోలు ఆపుకుంట, మల్ల చూసుకుంట నేర్చుకున్న. ఎక్కడ ఏ కంపెనీ సర్వర్ల బొక్క దొరికిందో, ఎన్ని లక్షల మంది వివరాలు సంతల పెట్టిండ్రో, పొద్దుగాల చాయ తాగకముందే చదువుత. చదివి నవ్వుకుంట. గంత పెద్ద కంపెనీకి పాస్‌వర్డు ఏంది? కంపెనీ పేరు, పక్కన ఒకటి రెండు మూడు! మన శ్యామల వదినె నయం, బిడ్డ పేరన్న పెట్టుకుంది.

మందిని చూసి సుత నవ్విన. విజయేందర్ బావ తన ఫోన్ల ఎవడో పెండ్లి కార్డు అని పంపిన ఫైలు నొక్కిండు, ఖాతా ఊడ్చుకపోయింది. 'తెలువని నంబరు నుంచి పెండ్లి కార్డొస్తే ఎందుకు నొక్కినవ్ బావా?' అంటే, 'తెరువకపోతే రేపు వాళ్ళు మనసుల పెట్టుకోరా?' అన్నడు. ఎవరు మనసుల పెట్టుకునేది? దొంగలా?

గసొంటి నా తాన్కి వచ్చింది చంద్రవ్వ, నువ్వింకా అక్కడున్నప్పుడు. మన సందు చివర రేకులిల్లు, బీడీలు చేస్తది, ఆమెనే. ఫోను కొంగుల చుట్టుకొని, పిల్లికూనను తెచ్చినట్టు తెచ్చింది. 'బిడ్డా, దీన్ల పైసలు పోయినయి, జర తీసియ్యి' అన్నది. ఫోన్లకెల్లి పైసలు తీసియ్యాల్నట!

చేతులు కోసుకుపోయేదాంక ఆకు కత్తిరించి దాచుకున్న పీఎఫ్ పైసలన్నా. ఇంటి మీద స్లాబ్ పోపిద్దామని తీసింది. ఒక్క ఫోనుతోని పోయినయి.

నాకు జాలి గాదు, కోపమొచ్చింది. చెప్తున్న గద, కోపమే వచ్చింది. ఎందుకంటే వాళ్ళ బీడీ కార్ఖానల దొంగ ఫోన్ల గురించి నేనే మీటింగు వెట్టిన. ముందు వరుసల కూసొని తలూపిందెవరు? ఈమెనే. 'తెలువనోళ్ళకు నంబర్లు చెప్పొద్దు అన్న గద చిన్నవ్వా?' అన్న.

ఏమన్నదో ఎర్కేనా? 'తెలువనోళ్ళకు ఎందుకు చెప్త బిడ్డా? వాడు తెల్సినోడే. వరుస కలిసింది.'

ఇగ నెత్తి కొట్టుకున్న. వరుస కలిసిందట!

మనోళ్ళ సంగతి నీకు తెల్వదా? బస్సుల పక్క సీటోడు కూసోంగనే, ఏ ఊరు, ఇంటిపేరేంది, మీ తల్లిగారిది ఎక్కడ అని మొదలు వెడ్తరు. బస్సు దిగేలోపు వాడు బావనో బామ్మర్దో కావాలె. కానోడు ఒక్కడు లేడు. అట్ల కలిసినంక వాడు చెంబు నీళ్ళడిగితే లోటా పాలిస్తరు. ఏ కంపెనీ తాళం పని చేస్తదన్నా దీని ముందు?

ఆమెనే చెప్పింది ఫోన్ల ముచ్చటంత. మొదలు వాడు టీవీల వార్తలు చదివినట్టు మాట్లాడిండట. 'అమ్మా, మీ భవిష్యనిధి ఖాతా నిలిపివేయబడినది.' ఆమెకు సమజ్ కాక ఫోను పెట్టేస్తాందట. గంతల్నే గొంతు మారిందట. 'అయ్యో, మీరు మానేరు వాగు అవతలోళ్ళా? మీ తల్లిగారిది ఏ ఊరు? ఇంటిపేరు? అయితే నాకు చిన్నవ్వ అయితవ్!' ఇగ ఈమె ముడ్డి కింద పీట గుంజుకొని కూసున్నదట. తిన్నవా చిన్నవ్వా అన్నడట. చింతచిగురు పప్పు చేసిన కొడుకా అన్నదట. ఇక్కడ గసొంటిది దొరకదు చిన్నవ్వా అన్నడట. దొంగోడు చింతచిగురుకు ఏడుస్తుండంటే ఈమె ఇక్కడ కండ్లు తుడుసుకున్నదట.

'మంచి పోరడు బిడ్డా. వానలు దగ్గరికొచ్చినయి, స్లాబ్ జల్ది పోపియ్యి చిన్నవ్వా, ఈ ఒక్క నంబరు చెప్తే పైసలు ఇడుస్తరు అన్నడు. నా కాడికి ఎవలొచ్చి గట్ల ఫికర్ చేసిండ్రు చెప్పు?'

స్లాబ్!

గీ మాట కాడ ఆగిపోయిన. నంబరు ఎక్కడన్న లీకైతది. పేరు, ఖాతా, పుట్టిన తారీకు అన్ని అంగట్ల దొరుకుతయి, నాకు తెలుసు. స్లాబ్ ముచ్చట ఏ సర్వర్ల ఉంటది? ఆమెకు మెసేజు టైపు చేసుడే రాదు. ఆమె ఫోనంత గాలించిన. ఒక్కో యాప్ తీసి చూసిన. దొంగ యాప్ లేదు, వైరస్ లేదు, ఏం లేదు. ఆ ఫోను మన దేవుడి అర్ర లెక్క సాఫుగున్నది. ఫిర్యాదు పెట్టిచ్చిన. లీకెక్కడ అయ్యిందని ఎన్ని దినాలు తిప్పలు వడ్డనో! తిండి గూడ సరిగ తినలే. నేను గూడ పెద్ద నిపుణురాలినైపోయిన గద, పట్టుకుంటననుకున్న.

పట్టుకున్న. మొన్న. అన్నం తినుకుంట.

అవ్వ ఫోన్ల మమతారాణి అత్తతోని మాట్లాడుతుంది. నీ గురించే. 'మా సన్నీకి ఎంత ప్రేమో వదినా! గక్కడ నరకంల ఉండి గూడ ఆదివారం ఆదివారం ఫోను చేసి వాడకట్టోళ్ళ మంచిచెడ్డ అడిగెటోడు. ఎవలకు పిల్ల కుదిరింది, ఎవలు భూమి అమ్మిండ్రు, అన్ని అడిగెటోడు. చంద్రవ్వకు పైసలు చేతికొచ్చినయి, స్లాబ్ పోపిస్తదంటే ఎంత సంబురపడ్డడో!'

చేతిల ముద్ద పళ్ళెంల వెట్టి లేసిన అన్నా.

ఎందుకంటే గా ఆదివారం నేను గూడ అక్కడ్నే ఉన్న. అవ్వ ఫోను బియ్యం డబ్బాకు ఆనిచ్చి, స్పీకర్ పెట్టి, కూర తరుక్కుంట ముచ్చట చెప్తుంది. నువ్వు, 'అట్లనా? ఎన్ని వచ్చినయే? ఏ బ్యాంకుల వేసిందే?' అని అడుగుతున్నవ్. నాకు ఏం అనుమానం రాలే! పైంగ నేనే అందిచ్చిన. 'చంద్రవ్వ చిన్నవ్వ ఫోను కొత్తది కొన్నదన్నా, నేనే పెట్టిచ్చిన' అని నవ్విన. ఊరందరికి తాళాలేసేదాన్ని.

లీకు సర్వర్ల లేదు, యాప్‌ల లేదు. మన ఇంట్లకెల్లి పోయింది. మన అవ్వ నోట్లకెల్లి పోయింది.

గప్పుడు సమజైంది నీ నోరు ఎందుకు పడిపోయిందో. షాకులు గాదు, దయ్యం గాదు. గప్పుడు ఫోన్ల అది నువ్వని ఆమె కలల గూడ అనుకోలే; ఇప్పుడు ఎదురుంగ నువ్వు మాట్లాడితే చంద్రవ్వ ఆ గొంతు గుర్తువడ్తది. మస్తు హుషారున్నవ్! నీ గొంతే నీ మీద సాక్ష్యం, దాన్ని దుప్పటి కింద దాసినవ్. ఇంట్ల అవ్వేమో నీ గొంతు తెరువాలని కొబ్బరికాయ కొడ్తుంది.

ఏందా చూపు? ఆఁ, ఇప్పుడు తిరిగినవ్ ఇటు.

అక్కడ ఆ దొంగ ఫోన్ల కంపెనీల వాళ్ళు నిన్ను కొట్టిండ్రని తెలుసు. నీ వీపు చూసిన, నువ్వు తానం చేసి అంగి వేసుకుంటుంటే. ఫోన్లు చేయకపోతే తిండి బంద్ అని గూడ తెలుసు. ఇంట్లకెల్లి నిన్ను డేటా ఎంట్రీ నౌకరని తీస్కపోయి అమ్మిన ఓంప్రకాశ్‌గాన్ని నేను మెచ్చుకుంటలేను. నువ్వు ఫోను ఎందుకు చేసినవ్ అని నేను అడుగుతలేను. చంద్రవ్వకే ఎందుకు చేసినవ్?

నేనే చెప్పనా? వాళ్ళిచ్చిన నంబర్లల్ల తెలువనోళ్ళు తిట్టి పెట్టేస్తుండ్రు. నీకు నమ్మే మనిషి ఒక్కరు కావాలె. ఎవలు నమ్ముతరని ఆలోచన చేసినవ్. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే బీడీల చాట పక్కకు వెట్టి నిన్ను ఒళ్ళె పండుకోబెట్టుకున్న మనిషి యాదికొచ్చింది. ఆమెకన్న మంచిగ నమ్మెటోళ్ళు నీకు ఈ దునియాల ఎక్కడ దొరుకుతరు?

శాబాష్. గంత పెద్ద కంపెనీలు కోట్లు పెట్టి వెతికే బొక్క, నువ్వు ఒక్క యాదితోని దొరకవట్టినవ్.

రేపు కరీంనగర్ పోవాలె. సైబర్ పోలీసులు నీ వాంగ్మూలం రాసుకుంటరు. ఓంప్రకాశ్ నీ ఫోనుకు ఏం మెసేజు పంపిండో నాకు తెల్వదనుకున్నవా? 'నేను అక్కడ వంటోన్ని అని చెప్పు, ఇద్దరం బయట పడ్తం' అని రాసిండు గద. నువ్వు వంటోనివా! నీకు చాయ వెట్టుడు రాదు. గిన్నె మాడగొట్టి చెల్లె మీద చెప్పెటోనివి. పోలీసులు ఒక్క ప్రశ్న, పోపుల మొదలేమేస్తరు అనడిగితే నీ పని ఖతం.

నువ్వు వంటోన్ననంటే చంద్రవ్వ పైసలు గంతే సంగతి. ఏదో ఒక ఖాతాల కొన్ని పైసలు బ్యాంకోళ్ళు ఆపిండ్రట. ఎవడు అడిగిండు, ఎవని పేరు మీద పోయినయి అనేది తేలితేనే ఆమెవని రుజువైతది. తేల్చేటోడు ఎవడు? నువ్వే. తెల్సినోడివి నువ్వొక్కనివే. ఆమె రేకుల మీద కవర్ కప్పుకొని, గిన్నెలు పెట్టుకొని కూసున్నది. ఇప్పుడు ఫోను మోగితే ఎత్తుతలేదట. సొంత బిడ్డ చేసినా ఎత్తదట. కార్ఖానల తోటోళ్ళు, 'నీ కొడుకు ఫోను చేసిండా చంద్రవ్వా?' అని నవ్వుతుండ్రట.

అగో. గేటు చప్పుడు.

ఆమెనే. నేనే రమ్మన్న. ముసుగెయ్యకు. కూసో, మర్యాదగ కూసో. నువ్వు ఒక్కటే మాట చెప్పాలె, నేనే అని. గంతే. రా చిన్నవ్వా, లోపటికి రా, ఇక్కడ్నే ఉన్నడు...

*

పోయింది. తలుపేసిన.

సర్వపిండి తెచ్చింది నీ కోసం. నీ నెత్తి మీద చెయ్యి వెట్టింది, 'బక్కగైనవ్ కొడుకా' అన్నది. నువ్వు దుప్పటి ఇంకింత దగ్గరికి గుంజుకున్నవ్. జ్వరమనుకొని నీ మెడ పట్టి చూసింది. 'నాకు ఫోను చేసిన పోరడు గూడ గిట్లనే ఎక్కడ్నో చిక్కిండో ఏమో బిడ్డా' అన్నది నాతోని. 'వానికి గూడ ఒక తల్లి ఉంటది, కేసు గిట్ల వాపసు తీసుకుందామా?' అనడిగింది.

విన్నవా? విన్నవ్. నీ చెవులకు ఏం కాలే.

నువ్వు చెప్పవని నాకు తెల్సు. నేను చెప్దామనే పిలిచిన ఆమెను. దుకాణంల నాలుగు సార్లు అనుకొని వచ్చిన, ఎట్ల మొదలువెట్టాల్నో. నోరు తెరిసిన గూడ. తెరిసి ఏమన్ననో విన్నవ్ గద? 'నీళ్ళు తాగుతవా చిన్నవ్వా?'

గదొచ్చింది నాకు! ఇంతసేపు నిన్ను తిట్టిన నోటికి.

నీ మీద ప్రేమనుకుంటున్నవా? థూ. నువ్వు జైలుకు పోతే పొయ్యి మీద పాలు పొంగినంత గూడ పరేషాన్ కాను. పోయిరా, చాయ వెట్టుడన్న నేర్చుకుంటవ్. నాకు అడ్డం వడింది నువ్వు గాదు. అవ్వ. చంద్రవ్వకు నీ పేరు చెప్తే, స్లాబ్ ముచ్చట నీకెవలు చెప్పిండ్రో పొద్దుమీకేలోపు సందంత తెలుస్తది. అవ్వకు తెలుస్తది. నువ్వు బాగున్నవా అని వారమంత ఎదురుచూసి, నిన్ను నవ్వియ్యాలని ఊళ్ళె ముచ్చట్లన్ని ఏరి పెట్టుకొని చెప్పింది. ఆ ముచ్చట్లతోనే నువ్వు ఒకామె ఇల్లు ముంచినవని ఆమెకు ఎవలు చెప్పాలె?

ఏడువకు. ఏడ్చుడు గాదు ఇప్పుడు పని.

చెప్తం. వాళ్ళు బస్సు దిగి, కాళ్ళు కడుక్కొని, ప్రసాదం చేతుల పెట్టినంక చెప్తం. మొదలు అవ్వకు. తర్వాత ఆ సందు చివరింటికి. రేపు పోలీసులకు. నువ్వు చెప్పకపోతే నేను చెప్త, ఈసారి నీళ్ళు అడుగ. చంద్రవ్వ పైసలు కొన్నన్న మర్లుతయేమో. నువ్వు గూడ ఎన్నడో ఒకనాడు మర్లివస్తవ్.

ఇగ మర్లిరానిది అవ్వే. ఇంట్ల మన ముగ్గురం ఎవల లోకంల వాళ్ళుంటే, ఎవలు చిక్కినా మంచిచెడ్డ మాట్లాడేది ఆమె ఒక్కతే. ఇయ్యాల్టి సంది ఆమె గూడ ఫోన్ల, 'ఆఁ, బాగున్నం, ఉంట' అని పెట్టేస్తది.

సర్వపిండి చల్లగైతుంది. తింటే తిను, లేకపోతే ఇటియ్యి.