మగ్గం మీద అబద్ధం

ధర్మవరంలోని ఆ మగ్గమింట్లో రెండు మగ్గం గుంతలున్నాయి. ఒకదాంట్లో కాళ్లు పెట్టుకుని నేతగాడు పట్టుచీర నేస్తున్నాడు. రెండోది ఖాళీ. పోయినేడు పెండ్లాం ఆపరేషన్‌కని ఆ గుంత మీది మగ్గం అమ్మేసినాడు. ఆరోగ్య బీమా ఏజెంటు వచ్చి ఎదురుగా కూచున్నాడు.

"అన్నా, ఇప్పుడు కంపెనీవాళ్లు ఫోన్ చేస్తారు. మోకాళ్ల నొప్పులుండాయా అని అడుగుతారు. లేవని చెప్పు."

"ఉండాయి గదప్పా."

"ఉండాయంటే ప్రీమియం రెండింతలైతాది. కడతావా?"

"యాడ కట్టేది? నువ్వు చెప్పిన ప్రీమియం కట్టేదే కష్టంగా ఉండాది."

"అందుకే లేవని చెప్పమంటాండా."

"మగ్గం మింద కూచోని అబద్ధం చెప్పకూడదప్పా. మా నాయన కాలం నుంచి ఇంతే."

"రేపు నీకేమన్నా అయితే ఈ మగ్గం గూడా అమ్ముకుంటావా?"

నేతగాడు ఖాళీ గుంత దిక్కు చూసినాడు. పోగుల మధ్య అటూ ఇటూ ఆడించే నాడె ఆపినాడు. అంతలో ఫోన్ మోగింది.

"సరే. బయటికి పోయి చెప్తా. ఆడైతే మగ్గం ఉండదు."

"మంచి మాట. తొందరగా లెయ్యన్నా, ఫోన్ కట్టైపోతాది."

"చెయ్యి ఇయ్యి."

"ఎందుకన్నా?"

"ఒకరు పట్టి లేపకుంటే ఈ మోకాళ్లు లేయవప్పా."