మామిడితోపులో నన్ను ఎందుకు తోశాడంటే

నా పేరు రాహేలమ్మ, భర్త ప్రేమయ్య. వయసు నలభై ఏడు. మాది బనగానపల్లె మండలం కొత్తదిన్నె. మామిడికాయలు కోసే ఆడకూలీలకు పద్నాలుగేళ్లుగా మేస్త్రీని. నన్నెవరూ పిలవలేదు. టీవీలో కిందపడిన ఆడమనిషిని నేనే. అందుకే నా అంతట నేను స్టేషన్‌కు వచ్చి ఎస్సైగారి ముందు చెబుతున్నాను.

2025 మే 14, బుధవారం ఉదయం ఏడు గంటలకు మేం పనిచేసే తోపుకు టీవీవాళ్లు వచ్చారు. ‘పల్లెకు మొనగాడు’ అనే పోటీ కార్యక్రమమట. ఆరుగురు పట్నంవాళ్లు కాయలు కోయాలి, ఎక్కువ కోసినవాడు గెలిచినట్టు. వాళ్లకు నేర్పే పని నాది. ఆరుగురిలో ఒకడు జోసెఫ్ బాండా. ఆఫ్రికాలో మలావి దేశం నుంచి వచ్చి మూడేళ్లుగా కర్నూలులో ఫార్మసీ చదువుతున్నాడు. వచ్చీరాగానే "అమ్మా, బాగుండావా?" అన్నాడు.

డైరెక్టర్ రంగనాథ్ పరుగెత్తుకొచ్చి, "నువ్వు తెలుగు మాట్లాడొద్దు, నవ్వొద్దు. నిన్ను చూస్తే జనం భయపడాలి" అన్నాడు. అతని చొక్కా విప్పించాడు, కళ్లజోడు తీయించాడు, ‘నల్లపులి’ అని పేరు పెట్టాడు. మిగతా అయిదుగురికీ వాళ్ల పేర్లే ఉన్నాయి.

"ఈ పిల్లోన్ని సూసి ఎందుకు బయపడాలప్పా?" అని అడిగాను.

"అది నీకు అర్థం కాదులేమ్మా" అన్నాడు. నాకు బాగానే అర్థమైంది. టీవీలో అతను గుడ్లురుముతున్నట్టు చూపించారు. అది కోపం కాదు, కళ్లజోడు లేక కళ్లు చికిలించుకోవడం. దాచమని నాకిచ్చిన ఆ కళ్లజోడు అప్పుడు నా కొంగుముడిలో ఉంది.

"కాయను తొడిమతో కోయాల. తొడిమ ఊడొస్తే సొన చిమ్ముతాది. ఒంటిమీద పడితే కాలుతాది, కంట్లో పడితే కన్నే పోతాది" అని అందరికీ చెప్పాను. అయిదుగురు కెమెరా వైపు చూస్తున్నారు. జోసెఫ్ ఒక్కడే విన్నాడు, రెండోసారి చెప్పించుకున్నాడు. పదకొండు కాయలు కోస్తే పదకొండూ తొడిమతోనే కోశాడు. వారం రోజులు నేర్పినా అలా కోయలేని వాళ్లు నా గుంపులోనే ఉన్నారు. ఆ సంగతి ఇక్కడ రాయమని అడుగుతున్నాను.

తొమ్మిదీ ఇరవైకి, గెలవాలన్న తొందరలో గోపీనాథ్ అనే పోటీదారుడు నా ముఖం పక్కనే వేలాడుతున్న కాయను పట్టుకుని గుంజాడు. జోసెఫ్ రెండు చేతులతో నా భుజాన్ని తోశాడు. నేను పడ్డాను. నా ముఖం ఉన్నచోట అతని మెడ, భుజం ఉన్నాయి. సొన వాటిమీద పడింది. చొక్కా ఉండుంటే చొక్కామీదే పడేది. చర్మం కమిలిపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చూడవచ్చు. అతను తన మంట చూసుకోకుండా నన్ను లేపి, "అమ్మా, తప్పయిపాయ. దెబ్బ తగిలిందా?" అన్నాడు.

రంగనాథ్ చప్పట్లు కొట్టాడు. "అదిరింది! ఇంకోసారి కోపంగా తొయ్. నువ్వు ఏడవాలమ్మా" అన్నాడు.

"అమ్మను ఊరికే తోసేది నా చేత కాదు" అన్నాడు జోసెఫ్.

"నాకు ఏడుపు రాదు, పోప్పా" అన్నాను నేను.

మే 25, ఆదివారం సాయంత్రం నా కూతురు స్తుతి ఇంట్లో ఆ కార్యక్రమం చూశాను. అతను తోశాడు, నేను పడ్డాను. అంతే. అదే మూడుసార్లు, పులి గాండ్రింపు కలిపి. గోపీనాథ్ లేడు, సొన లేదు, నన్ను లేపడం లేదు. నా బొమ్మ కింద ‘బాధితురాలు’ అని రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని చూసి ఎవరో జోసెఫ్ మీద ఫిర్యాదు ఇచ్చారట. కేసు అయితే అతను చదువు మానుకుని దేశం విడిచి పోవాలట. పొద్దుటినుంచీ బయట బల్లమీద కూర్చుని ఉన్నాడు, నీళ్లు కూడా తాగలేదు.

ఇలా చెప్పమని నీకు ఎవరైనా నేర్పారా అని ఎస్సైగారు అడిగారు. నాకెవరూ నేర్పలేదు. నేనే అతనికి నేర్పాను. నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లలో నా మాట ఇంత బాగా విన్నవాడు ఇంకొకడు లేడు. నా పేరు దాచవద్దు, ఎక్కడ చెప్పమన్నా వచ్చి చెబుతాను.

పైన ఉన్నది జరిగింది జరిగినట్టు. చదివి వినిపిస్తానని కానిస్టేబుల్ అన్నాడు, వద్దన్నాను. రెండు కళ్లూ బాగున్నాయి. నేనే చదువుకుని సంతకం పెడుతున్నాను.

(సం) రాహేలమ్మ