కిటికీ పక్క మంచం దగ్గర సిస్టర్ ఎలిశిబా గారు

1958 జూన్ పదవ తేదీన శ్రీమతి ఎలిశిబా గారు మెదక్ పట్టణంలోని మా దవాఖానాలో నర్సుగా చేరారు. అప్పటికే మేడ మీది పురుషుల వార్డులో కిటికీ పక్క మంచానికి చెడ్డపేరుండేది. గాయంతోనో జ్వరంతోనో వచ్చి పూర్తి తెలివితో మాట్లాడినవారే రెండు మూడు రోజులకు వణుకుతూ, ఎవరికో బదులు పలుకుతూ, కట్టిన తాళ్లను సైతం తెంచుకొని లేచేవారు. ఆ సంవత్సరమే ఒక బండివాడు పట్టపగలు ఆ కిటికీలోంచి దూకి మరణించాడు. “తడిచీర కట్టుకున్నామె పిలుస్తుంది” అన్న అతని చివరి మాట విన్నది ఎలిశిబా గారొక్కరే. చాలాకాలం ఆమె దానిని ఎవరికీ చెప్పలేదు.

1963 వేసవిలో కౌడిపల్లి రైతు లక్ష్మయ్య కాలు విరిగి అదే మంచం మీదికి వచ్చాడు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం, వార్డంతా నిశ్శబ్దంగా ఉన్న సమయాన, మంచానికి కట్టిన తాళ్ల మధ్య నుంచే అతడు ఆమె భుజం మీదుగా చూస్తూ వణికిపోయాడు.

“నీ ఎన్క ఎవరో ఆడామె నిలవడ్డది సిస్టరమ్మా. చీర తడిసి నీళ్లు కారుతున్నయి.”

ఎలిశిబా గారి మెడ వెనుక చల్లబడింది. వెనుదిరిగి చూడలేదు.

“ఏమంటున్నది?”

“లేచి రమ్మంటుంది.”

అతని భార్య శివమ్మ ఏడుస్తూ, “గీ మంచానికి గాలున్నదంట. మమ్ముల ఇంటికి తోలుండ్రి, భూతవైద్యునికి సూపిస్త” అన్నది.

“ముందుగాల జర చెప్పు శివమ్మా. రోజూ తాగుతడా?”

“లేవంగనే సారా వడకుంటే చెయ్యి నిలవది. ఈడికొచ్చినంక చుక్క లేదు.”

ఆమె తక్షణమే డాక్టర్ జయానందం గారిని పిలిపించారు. మద్యం హఠాత్తుగా ఆగినందున కలిగిన ప్రాణాంతక ఉన్మాదమని గుర్తించి వారు సూదిమందులు ప్రారంభించారు. తాళ్లు విప్పించి, ఎలిశిబా గారు సాయంత్రం దాకా లక్ష్మయ్య చేయి వదలలేదు. అవతలి నుంచి మరెవరో లాగుతున్నంత బలంగా అతడు ఆ చేతిని గుంజాడట. క్రమంగా నెమ్మదించి, ఏదీ గుర్తులేకుండా బతికి బయటపడ్డాడు.

బండివాడి చివరి మాట కూడా ఆమె అప్పుడు చెప్పగా, ఇద్దరూ ఒకే స్త్రీని ఎలా చూశారని డాక్టర్ గారు అడిగారు.

“నాకెర్క లేదు సార్. పిలిచేటోళ్లు ఎవరన్న గానీ, పట్టుకునేటోళ్లు ఉండాలె.”

నాటి నుంచి చేరిన ప్రతి రోగినీ తాగుడు గురించి గౌరవంగా అడగడం, వణుకు మొదలు కాకముందే వైద్యం చేయడం మా వార్డు పద్ధతి అయింది. ఆ సేవను తూప్రాన్, నిజాంపేట వైపు దవాఖానాలలోనూ నెలకొల్పడానికి ఆమె బస్సులెక్కి వెళ్లి నర్సులకు నేర్పారు. “తాగుబోతులకు మంచాలెందుకమ్మా?” అన్న అక్కడి ఒక పెద్ద డాక్టరుతో, “మంచం మీరే ఇచ్చిండ్రు సార్. ఇచ్చినంక సావనియ్యొద్దు గద!” అన్నారు. ఆ దవాఖానాలోనూ సేవ మొదలైంది.

నేడు, 1976 జూన్ ముప్పయ్యవ తేదీన, ఆమె పదవీ విరమణ చేస్తున్నారు. తూప్రాన్ నర్సులు బస్సు దిగీ దిగగానే “అమ్మ ఏది?” అని వెతుక్కుంటూ వచ్చారు. భర్త ప్రకాశం గారితో, పిల్లాపాపలతో ఎలిశిబా గారు సంపూర్ణారోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని, ఇకనైనా మధ్యాహ్నాలు ఆ మంచానికి కాపలా లేకుండా కంటినిండా నిద్రపోవాలని మా అందరి ఆకాంక్ష.